దుమ్ము పరీక్ష

ఆ రోజు మాస్టారి పథకం చాలా చిన్నది. స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకొని, యాజమాన్యం పంపే కమిటీ ముందు పర్యావరణ నీతి మీద ఒక మంచి పాఠం చెప్పాలి. నచ్చితే కొన్నేళ్ళుగా తాత్కాలికంగా సాగుతున్న ఉద్యోగం పర్మనెంటవుతుంది. నచ్చకపోతే ఉన్నదీ పోతుంది.

"నచ్చుతుంది లెండి," అంది భార్య గొడుగు అందిస్తూ. "కాకపోతే మరీ సాగదీయకండి. నాకైతే అలవాటైపోయింది, వాళ్ళకి కాలేదుగా."

మాస్టారు పనిచేసేది ఆర్కిటెక్చర్ కాలేజీలో. అక్కడి పిల్లలు థర్మోకోల్, తెల్ల అట్ట కొనుక్కొచ్చి, బ్లేడుతో కోసి, జిగురుతో అంటించి బుల్లి మేడలు చేస్తారు. మార్కులు పడగానే మేడలన్నీ చెత్తకుప్పలో పడతాయి. భూమికి బరువు కాని ఇల్లు కట్టడం నేర్పడానికి ఇంత చెత్త కావాలా అన్నది మాస్టారి బాధ. అందుకే ఆ ఉదయం పిల్లలకు ఒక్కటే నియమం పెట్టారు. కొత్తది ఏదీ కొనకూడదు. కాలేజీలో ఎవరూ వాడని వస్తువులతోనే ఆవరణలో ఒక పందిరి కట్టాలి. కమిటీకి పాఠం ఆ నీడలోనే.

"ఎవరూ వాడట్లేదని ఎలా తెలుస్తుంది సార్?" అని అడిగింది, తోటివాళ్ళంతా 'సందేహం' అని పిలిచే అమ్మాయి.

"దుమ్ము చూడమ్మా. వేలితో రాస్తే గీత పడిందా, వాడట్లేదన్నమాట."

"అయినా మనది కాదుగా సార్. తీసుకోవడం తప్పు కాదా?"

మంచి ప్రశ్నే. మాస్టారు గడియారం చూసుకున్నారు. "దగ్గరున్నవాళ్ళని అడిగి తీసుకోండి. సాయంత్రం మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేద్దాం," అనేసి, నోట్సు చూసుకోవడానికి తన గదిలోకి వెళ్ళిపోయారు.

ఏవో విరిగిన బల్లలు దొరుకుతాయని ఆయన అంచనా. కానీ ఆ కాలేజీలో దుమ్ముకు కొదవ లేదు. సమావేశ మందిరం కర్టెన్ల మీద గీత పడింది. అతిథుల సోఫా మీద ఒకడు ఏకంగా తన సంతకమే పెట్టాడు. ఫిర్యాదుల పెట్టె మీద దుమ్ము సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆఫీసు గుమాస్తాను అడిగితే, కంప్యూటర్ లోంచి తలెత్తకుండానే "తీస్కెళ్ళండి, తీస్కెళ్ళండి" అన్నాడు.

చివరికి గేటు దగ్గరికొచ్చారు. అందరికన్నా పొడుగైన కుర్రాడు కాలేజీ పేరున్న బోర్డు మీద వేలు రాశాడు. వేలు నల్లగా వచ్చింది.

"తాతా, ఈ బోర్డు మీరెప్పుడైనా చదివారా?" అని సందేహం వాచ్‌మన్‌ని అడిగింది.

"నాకెందుకమ్మా? రోజూ వచ్చే చోటేగా."

అంతే, బోర్డు దిగింది. పందిరికి పైకప్పు అయింది.

గుమాస్తా తలెత్తేసరికి సోఫా గుమ్మం దాటుతోంది. కిటికీలోంచి చూస్తే గేటుకు బోర్డు లేదు. కాలేజీ మూసేస్తున్నారని అతనికి రూఢి అయిపోయింది. ఆ మాట లైబ్రేరియన్ చెవిన వేశాడు. ఆవిడ తన టేబుల్ ఫ్యాన్ సంచిలో పెట్టుకుంది. కమిటీ ఇంకా రాలేదేమని ప్రిన్సిపాల్ గదిలోంచి బయటికొస్తే, వరండా నిండా జనం సంచులతో నిలబడి ఉన్నారు.

"మాకు ముందుగా ఒక్క మాట చెప్పాల్సింది సార్," అన్నాడు గుమాస్తా.

"ఏం చెప్పాలయ్యా?"

"మూసేస్తున్నట్టు."

"మూసేస్తున్నారా! మరి నాకెవరూ చెప్పలేదే?" అంటూ ప్రిన్సిపాల్ గోడ పట్టుకున్నారు.

కమిటీ కారు అప్పటికే ఆ వీధిలో అటూ ఇటూ తిరిగి, బోర్డు కనబడక, అదే యాజమాన్యం నడిపే పక్క కాలేజీలోకి దూరింది. అది పళ్ళ డాక్టర్ల కాలేజీ. బల్లల మీద వరసగా పెట్టిన దవడల నమూనాలు చూసి, అవి పిల్లలు చేసిన స్టేడియాలనుకున్నారు కమిటీ పెద్దాయన. మెట్ల వరసలు చక్కగా కుదిరాయని మెచ్చుకున్నారు కూడా.

"సరే, పాత కట్టడాన్ని కూల్చాలో ఉంచాలో ఎలా తేలుస్తారు?" అని అడిగారు. క్లాసులో ఒక్కరూ నోరు మెదపలేదు.

పొరపాటు తెలిశాక, ఎండలో చెమటలు కక్కుతూ ఇటు నడిచొచ్చారు. కనబడిన నీడ ఒక్కటే. వెళ్ళి పందిరి కింద సోఫాలో కూలబడ్డారు. పైకి చూస్తే కాలేజీ పేరు. నోట్సుతో గదిలోంచి వచ్చిన మాస్టారు ఆ బోర్డు చూశారు. ఉద్యోగం మీద అప్పుడే ఆశ వదిలేసుకున్నారు.

పెద్దాయన అదే ప్రశ్న ఇక్కడా అడిగారు. సందేహం లేచి నిలబడింది.

"దుమ్ము చూసి మాత్రం తేల్చకూడదండీ. ఆ బోర్డు మేమే దింపాం. లోపల ఉన్నవాళ్ళకి అక్కర్లేదని చూశాం గానీ, బయటినుంచి వచ్చేవాళ్ళని అడగలేదు. అందుకే మీరు దారి తప్పారు. ఇళ్ళ విషయంలోనూ అంతేననుకుంటానండీ. అందరినీ అడగాలి."

పెద్దాయన చప్పట్లు కొట్టారు. మాస్టారి ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రానికి కమిటీ నిర్ణయం వచ్చింది. ప్రిన్సిపాల్ పిలిపించి చెప్పారు. "ఇక్కడి పిల్లలకి ఈ విషయం పూర్తిగా వచ్చేసిందట. కాబట్టి ఇక్కడ ఈ పోస్టు అనవసరమట. పక్క కాలేజీలోనే ఎవరికీ ఏమీ తెలీదట. మీ పర్మనెంటు పోస్టు అక్కడ."

మర్నాడు పళ్ళ కాలేజీలో, ఉన్న కట్టడాన్ని పీకేయడం ఎంత పాపమో మాస్టారు వివరించడం మొదలుపెట్టగానే, ముందు వరసలోని విద్యార్థులు చేతుల్లో ఉన్న పటకార్లు మెల్లగా కింద పెట్టేశారు.