బీరన్న మోటారు కడుపునొప్పి

ఆ రోజు బీరన్న పెట్టుకున్నది పెద్ద పనేమీ కాదు. పొద్దున్నే సూర్యాపేటలో మోటారు తీయాలి, కోదాడలో వ్యాపారి భిక్షపతి మిరపకాయల బస్తాలు ఎక్కించుకోవాలి, వాటిని మిర్యాలగూడ సంతలో దించాలి. అంతే. కానీ బీరన్న కోపాన్ని కూడా వెంటబెట్టుకుని బయలుదేరాడు. అది తోడు లేనిదే ఆయన గడప దాటడు.

ఆ మోటారు పటాలం వాళ్లు యుద్ధంలో అరగదీసి, వేలంలో వదిలించుకున్న చిన్న లారీ. గడబిడలు సద్దుమణిగి రోడ్లు తెరుచుకున్నాయి, ఇక కిరాయిలకు కొదవుండదని బీరన్న గొర్రెల మందలో సగం అమ్మి దాన్ని కొన్నాడు. గొర్రెల మధ్యే పుట్టి పెరిగిన భార్య రుక్కమ్మ అన్నం మానేసి ఏడ్చింది. చివరికి ఒక ఒప్పందం కుదిరింది: బండి దారిలో ఆగిపోయిందా, దాన్ని అమ్మి మళ్లీ గొర్రెలు కొనాలి. బీరన్న కులదైవం బీరప్ప మీద ఒట్టేశాడు. ఆ ఒట్టుకు కాపలాగా రుక్కమ్మ కూడా ఎక్కి పక్కన కూర్చుంది.

ఊరు దాటగానే కిందినుంచి "టక్... టక్... టక్" మొదలైంది.

"ఏమయ్యా, గా సప్పుడు..." అంది రుక్కమ్మ.

"ఏ సప్పుడు? ఏం సప్పుడు లేదు!"

"గది గాదు, జర నేను జెప్పేది ఇను..."

"ఇంకొక్క మాట మాట్లాడినవంటే గీడనే దింపి పోత! నా బండి ఎప్పుడాగుతదా అని కాసుకొని కూసున్నవ్."

కోదాడ దాకా బీరన్న గుంతల మీద, గేరు మీద, అడ్డమొచ్చిన బర్రెల మీద అరుస్తూనే ఉన్నాడు. చప్పుడు మాత్రం తగ్గలేదు.

బస్తాలు ఎక్కించాక ఆ చప్పుడు భిక్షపతి చెవిన పడింది. సరుకు నడిరోడ్డు పాలవుతుందని భయపడి, వెంటనే మోటార్లు బాగుచేసే దస్తగిరి మేస్త్రీని పిలిపించాడు. దస్తగిరి బెజవాడలో పని నేర్చుకున్నవాడు. ఆ సంగతి కోదాడలో కుక్కలకు కూడా చెప్పుకున్నవాడు.

దస్తగిరి స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజనుకు ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తర్వాత ప్లగ్గు తీగలు ఒక్కొక్కటే పీకి చూశాడు. మూడోది పీకగానే ఇంజను కుంటింది, చప్పుడూ మందగించింది.

"దొరికింది! ఇది కడుపులో జబ్బండీ. మూడో రాడ్డు బేరింగు అరిగిపోయింది. ఇట్టాగే తోలారంటే రాడ్డు పొట్ట చీల్చుకుని బయటికొచ్చిద్ది."

"ముందు నీ చెవులు దవాఖానల సూపిచ్చుకో! నా బండికే రోగం లేదు."

"నూనె దించి చూద్దామండీ. అందులో ఇనుప పొడి తళతళలాడిందంటే నా మాట నిజం."

నూనె దించడం చూసి భిక్షపతి, బండి పని ఖతమనుకుని, బస్తాలన్నీ ఎడ్లబండ్లలోకి మార్పించి మిర్యాలగూడకు పంపించేశాడు. బీరన్న అడ్డంపడి తిట్టాడు, బస్తాల మీదెక్కి కూర్చున్నాడు. కూలీలు ఆయన్ని కూడా బస్తాతోపాటే కిందికి దించారు.

ఈలోగా దస్తగిరి నూనెలో వేలు ముంచి ఎండకు పెట్టి చూశాడు. తళతళా లేదు, మిలమిలా లేదు. "లోపలెక్కడో దాక్కునుంటదండీ" అంటూ బండి కిందికి దూరి, ఒక ఇనుప గంట పట్టుకుని బయటికి వచ్చాడు.

"ఇదేందండీ, ఇంజను పొట్టకి తగిలేట్టు కట్టారు?"

అది అమ్మేసిన గొర్రెల్లో, మంద ముందు నడిచే పొట్టేలు మెడలోని గంట.

"నేనే కట్టిన," అంది రుక్కమ్మ. "ముందు నడిచేదానికి గంట లేకుంటే మంద దారి తప్పుతదని మీ అమ్మ జెప్పేది గాదా? ఇగ మనకు ముందు నడిచేది గిదే గదా. సల్లగుండాలని కట్టిన. జెప్పబోతే నోరు తెరవనిచ్చినవా?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

సిగ్గుపడాల్సిన చోట బీరన్నకు కోపం వచ్చింది. సిగ్గు ఆయనకు అలవాటు లేదు మరి. గంట లాక్కుని దూరంగా విసిరేశాడు. "గంటకు, రాడ్డుకు తేడా తెల్వని నువ్వొక మేస్త్రీవా? నీ మూలంగనే నా కిరాయి పాయె!" అంటూ హ్యాండిలు తిప్పాడు. ఎడ్లబండ్లను అందుకుని బస్తాలు గుంజుకోవాలని ఆయన పంతం. రుక్కమ్మ పరుగెత్తి గంట ఏరుకొచ్చి, ఎలాగో ఎక్కి కూర్చుంది.

దస్తగిరి వెంటబడ్డాడు. "ఆగండి! నూనె! నూనె పొయ్యలా..."

"నూనె నీ నెత్తికి రాసుకో!"

"ఏమయ్యా, ఆయన జెప్పేది..." అంది రుక్కమ్మ.

"నోర్ముయ్!"

దించిన నూనె దించినట్టే దస్తగిరి డబ్బాలో ఉండిపోయింది.

ఎడ్లబండ్లు కనుచూపు మేరలోకి వచ్చాయి. బీరన్న మీసం దువ్వబోయాడు. అంతలో కిందినుంచి "టక్... టక్... టక్."

"మళ్ల యాడ కట్టినవే ఆ గంట?"

రుక్కమ్మ ఒళ్లో ఉన్న గంట చూపించింది.

ఇంజను ఒక్కసారి గర్రుమని, పొగ కక్కి, బిగుసుకుపోయింది. ఎడ్లబండ్లు తాపీగా మిర్యాలగూడ దారిన సాగిపోయాయి.

పక్క పొలంలో దున్నుతున్న జంగయ్య జాలిపడి, అరక విప్పి, ఎడ్లను మోటారుకు కట్టి కోదాడ వైపు తోలాడు.

"ఆగిందా?" అంది రుక్కమ్మ.

"ఆగింది ఇంజను. బండి నడుస్తనే ఉన్నది, కండ్లు కనపడ్తలేవా?"

"మంచిగనే ఉన్నది. బీరప్పకు గదే జెప్పు."

బీరన్న రోడ్డు వైపే చూస్తూ, "పొట్టేలును కొన్నోడు మళ్ల మనకిస్తడంటవా?" అని గొణిగాడు.

రుక్కమ్మ దిగి, ముందు నడిచే ఎడ్లలో ఒకదాని మెడలో గంట కట్టింది. దస్తగిరి దుకాణం దాకా అది మోగుతూనే ఉంది గానీ, ఇంజనులో మాత్రం ఇక ఏ చప్పుడూ లేదు.