పాసుబుక్కు ఆట రెండో భాగం

"దేశంలోనే మొట్టమొదటిసారిగా, ఒక వీడియో గేముకు ప్రభుత్వమే రెండో భాగం తీయబోతోందని ప్రకటించడానికి గర్విస్తున్నాను" అని మంత్రి కృష్ణకాంత్ గారు నల్లగొండలో ఒక ఫంక్షన్ హాల్లో అన్నప్పుడు మొదట చప్పట్లు కొట్టింది నేనే. మిగతావాళ్లు తర్వాత కొట్టారు. వాళ్లను బస్సుల్లో తెచ్చారు, నేను నా సొంత బండి మీద వచ్చాను.

నా పేరు పరమేష్. దేవరకొండ వైపు ఒక మండలంలో, తహసీల్దార్ ఆఫీసు గేటుకు ఎదురుగా నా జిరాక్స్ షాపు. మండలం పేరు రాయను. అన్ని మండలాల్లో ఇంతే కదా, మాదొక్కటే ఎందుకు రాశావని అడుగుతారు. 'పాసుబుక్కు' మొదటి భాగాన్ని పదకొండుసార్లు చివరిదాకా ఆడినవాణ్ని. ఇది గొప్పకు చెప్పడం లేదు, మాట్లాడే అర్హత ఉందని చెబుతున్నాను.

ఆ ఆట తెలియని దురదృష్టవంతుల కోసం రెండు ముక్కలు. దాన్ని తయారుచేసింది పానగల్ డేవిడ్. ఆ తహసీల్దార్ ఆఫీసులోనే నాలుగేళ్లు కంప్యూటర్ ఆపరేటరుగా చేశాడు. తీసేశాక, ఆ కోపం మీద ఇంట్లో కూర్చుని ఆట కట్టాడు. అందులో మనది పాసుబుక్కు కోసం తిరిగే రైతు వేషం. కత్తి ఉండదు, డాలు ఉండదు. ఒక ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు. 'ఓపిక' అని తెర మీద ఒక గీత ఉంటుంది. క్యూలో నిలబడ్డకొద్దీ తగ్గుతుంది, చాయ్ తాగితే పెరుగుతుంది, అటెండరుకు తాగిస్తే ఇంకా పెరుగుతుంది. పదింటికి వెళితే సారు ఇంకా రాలేదంటారు. పదకొండున్నరకు వెళితే ఇప్పుడే వెళ్లారంటారు. పదకొండూ పదిహేనుకు మెట్ల మీద పట్టుకోవాలి. ఇది కనిపెట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది. తర్వాత ఎదురుగా ఉన్న అసలు ఆఫీసులో ప్రయత్నించి చూశాను. సారు పదకొండూ పదిహేనుకే దొరికాడు.

అప్పటినుంచి మా దగ్గర ఎవరికి పని పడ్డా, ముందు నా షాపులో కూర్చుని ఒకసారి ఆట ఆడి, దారి చూసుకుని, ఆ తర్వాతే గేటు దాటేవాళ్లు. మా మండలంలో అదొక ఆనవాయితీ అయిపోయింది.

ఒక్కటే లోపం. ఆర్డీవో ఆఫీసు తలుపు దగ్గర ఆట ఆగిపోతుంది. తలుపు మీద చెయ్యి వేయగానే తెర నల్లబడి 'మిగతాది రెండో భాగంలో' అని పడుతుంది. ఆరేళ్లుగా అది అంతే.

ఆ తలుపు కోసం నాకంటే ఎక్కువ ఎదురుచూసిన మనిషి సుక్కమ్మ. ఆమె పెనిమిటి ఒక ఆసామి దగ్గర పాలేరుగా జీతమున్న రోజుల్లో సర్కారు ఇచ్చిన ముప్పై గుంటల మెట్ట చెలక ఆమెది. అంతకుముందు ఆ ఇంట్లో ఎవరికీ జానెడు జాగా లేదు. కొత్త రికార్డులు కంప్యూటర్లో ఎక్కించినప్పుడు ఆ చెలక చెరువుగా ఎక్కింది. చెరువుకు పాసుబుక్కు ఇవ్వరు. మార్చమని ఆరేళ్లుగా దరఖాస్తు పెడుతూనే ఉంది. ఆ రికార్డు మారకపోతే సుక్కమ్మ మళ్లీ పక్కవాళ్ల చేన్లో కూలికి పోవాల్సిందే.

"చెరువైతే నీళ్లుండాలె గద సారూ. అండ్ల కందులెట్ల పండుతున్నయి?" అని ఆమె అడిగేది.

"రికార్డుల ఉన్నది కదవ్వా" అని తహసీల్దార్ గారు విసుక్కోకుండా చెప్పేవారు. ఆయన్ని అనడానికి లేదు. నిరుడు అందులో చేపపిల్లలు వదిలినట్టు కూడా రికార్డు ఉంది. దాన్ని మార్చాలంటే ఆర్డీవో మార్చాలి. ఆర్డీవో దగ్గరికి ఎట్లా పోవాలో ఆట చెప్పలేదు.

అందుకని సుక్కమ్మ వారానికోసారి షాపుకొచ్చి అడిగేది. "గా ఆట రెండోది వచ్చిందా బిడ్డా? తలుపు తెరిసిండ్రా?"

మంత్రిగారి ప్రకటన విన్న సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లి చెప్పాను. ఆమె నాకు బెల్లం పెట్టింది.

అభిమానుల ప్రతినిధిగా నన్ను సమీక్షా సమావేశానికి పిలిచారు. ప్రభుత్వం కళాకారులను ఎంత గౌరవిస్తుందో అక్కడ చూశాను. డేవిడ్‌కు సలహాదారు అని బోర్డు పెట్టి, దాని వెనక కుర్చీ వేసి, ముందు జీడిపప్పు ప్లేటు పెట్టారు. సలహా మాత్రం ఎవరూ అడగలేదు, ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని.

"మొదటిది నేను ఆడిన. మంచిగున్నది" అన్నారు మంత్రిగారు. "కానీ అండ్ల ఆఫీసరు లేటెందుకొస్తడు?"

"నిజంగ గట్లనే వస్తరు సార్" అన్నాడు డేవిడ్.

"నిజం బయట ఉండనే ఉన్నది కదా. మళ్ల ఆటల ఎందుకు?"

ఈ వాక్యాన్ని పదిహేనుమంది అధికారులు డైరీల్లో రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను. అప్పుడు ఉద్యోగ సంఘాలవారు లేచారు. చాయ్ వల్ల తమ పరువు పోయిందని అటెండర్లు అన్నారు, చాయ్ తీసేశారు. క్యూ వల్ల రాష్ట్రానికి నెగటివ్ ఇమేజ్ వస్తోందని ఒక అధికారి అన్నారు, క్యూ తీసేశారు. ఆటలో మెట్ల మీద పడుకునే కుక్కనూ తీసేశారు. సారు తొమ్మిదింటికే వచ్చి కూర్చున్నాడు.

"సార్, ఇబ్బంది పెట్టెటోడు ఒకడన్న లేకుంటె ఆటెట్ల అయితది?" అన్నాడు డేవిడ్.

మంత్రిగారు కళ్లు మూసుకుని ఆలోచించారు. ఆయన ఆలోచిస్తున్నంతసేపూ ఫొటోగ్రాఫర్ ఫొటోలు తీశాడు. "ఇబ్బంది పెట్టెటోడు రైతే కదా. రోజూ వస్తడు, అదే అడుగుతడు. ఆడెటోనికి తహసీల్దార్ వేషం ఇయ్యిండ్రి. రైతులు మీద మీదికి వస్తుంటరు, వాళ్లను పరిష్కరించాలె."

"పాత్ బ్రేకింగ్ సార్" అన్నారు కార్యదర్శిగారు.

బయటికొచ్చాక డేవిడ్‌ను పట్టుకున్నాను. "ఏంది తమ్మీ, గిట్లయింది?"

"తలుపైతే ఉంచిన అన్నా" అన్నాడు తలొంచుకుని. "గంతవరకే నా చేతుల ఉన్నది."

ఉగాదికి రెండో భాగం విడుదలైంది. ఇక అభిమానిగా నా అభిప్రాయం. బొమ్మలు అద్భుతం. ఫ్యాను గాలికి ఫైళ్లు రెపరెపలాడతాయి. తహసీల్దార్ కుర్చీ గిర్రున తిరుగుతుంది, ఎటు తిప్పితే అటు. అయినా మొదటిసారి ఆ కుర్చీలో కూర్చుని, ప్లాస్టిక్ కవరు పట్టుకుని లోపలికొస్తున్న మనిషిని చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. పదకొండుసార్లు ఆ కవరు పట్టుకున్నది నేనే.

రైతుల దరఖాస్తులు ఎంత సహజంగా తయారుచేశారో చెప్పలేను. ఒక్కటీ ఇంకోదానిలా ఉండదు. ఒకదాని మీద పసుపు మరక, ఒకదాని మీద బొటనవేలు ముద్ర సగం చెరిగి ఉంటుంది. గోప్యత కోసమని పేర్ల మీద నల్లగీత. ఒక్కో దరఖాస్తుకు పది సెకన్లు. 'ఆమోదం' నొక్కితే విచారణ నివేదిక జతచేయమంటుంది, అది జతచేస్తే పాత సాగు రికార్డు పహాణీ అడుగుతుంది, అంతలో టైమైపోయి పాయింట్లు కోస్తారు. 'తిరస్కరణ' నొక్కితే పది పాయింట్లు. విడుదలైన రోజు నేను మొండిగా ఆమోదమే నొక్కి, జిల్లాలో ఆఖరి స్థానంలో నిలిచాను.

ప్రభుత్వం మూడు రోజుల పోటీ పెట్టింది. తొమ్మిదో లెవెల్‌కు చేరినవాళ్లకే ఆర్డీవో తలుపు తెరుచుకుంటుందని నియమం. సుక్కమ్మ పొద్దున్నే సద్ది కట్టుకుని వచ్చి, ఫోను పట్టుకున్న నా పక్కన స్టూలు మీద కూర్చుంది.

"ఆమోదం నొక్కితే పోలేమవ్వా" అన్నాను.

"ఏది నొక్కితే పోతమో గదే నొక్కు బిడ్డా. మనకు తలుపు కావాలె గానీ."

నొక్కాను. రెండోరోజుకు వేలు అలవాటు పడింది, కాగితం చదవాల్సిన పని లేకపోయింది. మూడోరోజు మధ్యాహ్నం ఎనిమిదో లెవెల్ చివర ఆగిపోయాను. అప్పుడే తెర మీద ఒక కట్ట వచ్చి పడింది. 'చెరువు భూములు, 340 దరఖాస్తులు. అన్నీ ఒకేసారి పరిష్కరిస్తే బోనస్.' నా వేలు ఒక క్షణం ఆగింది. ఎందుకాగిందో అప్పుడు ఆలోచించలేదు.

"ఏమాయె బిడ్డా?"

"ఏం లేదవ్వా. ఇదొక్కటి అయితే తలుపు."

"మరి నొక్కు."

నొక్కాను. డప్పులు మోగాయి, పూలు రాలాయి, ఆరేళ్ల తలుపు కిర్రుమని తెరుచుకుంది. లోపల ఏసీ నడుస్తోంది, లైట్లన్నీ వెలుగుతున్నాయి. కుర్చీకి తెల్ల తువ్వాలు కప్పి ఉంది. బల్ల మీద ఒక అట్టముక్క, 'సారు మీటింగులో ఉన్నారు' అని.

"ఎవలున్నరు బిడ్డా లోపల?"

"ఎవరూ లేరవ్వా."

"వస్తడు తీయి. కూసుందాం." ఆమె కొంగు సర్దుకుని, చేతులు కట్టుకుని కూర్చుంది. ఫోనులో ఛార్జింగు అయిపోయేదాకా ఇద్దరం ఆ కుర్చీనే చూశాం.

జిల్లా మొత్తం మీద మొదటి బహుమతి నాకే వచ్చింది. మంత్రిగారు స్వయంగా శాలువా కప్పారు. "మూడు రోజులల్ల లక్షా పద్నాలుగు వేలు పరిష్కరించినం. ఇయ్యాల మన జిల్లాల పెండింగు దరఖాస్తు ఒక్కటి లేదు. ఇసొంటి యువకులుంటే ఆఫీసర్లతోని పనేంది?" అన్నారు. ఒక ఆట మీద ఆయనకున్న శ్రద్ధ చూసి నా కళ్లు చెమర్చాయి. డేవిడ్ మాత్రం సభకు రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు.

వారం తర్వాత సుక్కమ్మ షాపుకొచ్చింది. చేతిలో కాగితం, అటెండర్ వెంకటయ్య ఇంటికొచ్చి ఇచ్చి పోయాడట. ఆరేళ్లలో ఆఫీసు నుంచి ఆమెకు కాగితం రావడం ఇదే మొదటిసారి. మొహం వెలిగిపోతోంది.

"జర చదువు బిడ్డా. అయినట్టేనా?"

చదివాను. దరఖాస్తు తిరస్కరించడమైనది. సదరు భూమి చెరువు. దరఖాస్తుదారు పదిహేను రోజుల్లో ఖాళీ చేయవలెను. కింద డిజిటల్ సంతకం. నిర్ణయించిన అధికారి, పరమేష్, లెవెల్ 9.

ఖాళీ చేయాలట అని మాత్రం చెప్పాను. ఆమె గేటు వైపు చూసింది, మళ్లీ కాగితం వైపు చూసింది.

"ఏ సారు పెట్టిండు బిడ్డా సంతకం? పేరు చెప్పు. పోయి కాళ్లన్న మొక్కుత."

"పేరు సరిగా పడలేదవ్వా."

"గట్లైతే జిరాక్సు తియ్యి. నీ మిషన్ల మంచిగ పడతది."

మిషన్ మూత ఎత్తి కాగితం పెట్టాను. చాలా స్పష్టంగా వచ్చింది.