మూడు కుందేళ్ళు, మూడు పఠనాలు

మా ప్లమ్ ఫోర్క్ ఊరి మేయరు వెర్లిన్ ఆస్ట్రాండర్ గారు టౌన్ హాలు మెట్ల మీద నిలబడి, టోపీ తీసి గుండెకి హత్తుకుని, "నేటినుంచి ఈ ఊళ్ళో అనాథ అన్న మాట వినబడదు" అని ప్రకటించారు. నిజానికి అంతకుముందూ వినబడేది కాదు. మా ఊళ్ళో అందరికీ అమ్మో నాన్నో ఉన్నారు, లేనివాళ్ళకి పెద్దమ్మలున్నారు. అయినా జనం చప్పట్లు కొట్టారు. ఎందుకంటే మేయరు గారి టోపీలో మూడు కుందేలు పిల్లలున్నాయి.

నేను మా కౌన్సిల్లో గంట కొట్టేవాణ్ణి. మీటింగులో ఏ పౌరుడైనా లేచి మాట్లాడదలిస్తే మూడు నిమిషాలిస్తారు. అవి అవగానే నేను గంట కొడతాను, ఆయన కూచోవాలి. మంచి మాటలు చాలావరకు గంట తర్వాతే వస్తాయని గమనించాను గానీ, గంట కొట్టేవాడి అభిప్రాయం ఎవరడుగుతారు?

ఆ పిల్లల్ని మేయరు గారు ఎలా కాపాడారో చెప్పాలి. నవంబరు ఎన్నికలకి జూన్ నుంచే సిద్ధమవుతూ ఆయన టౌన్ హాలు ముందు గడ్డిలో "మళ్ళీ వెర్లిన్" అన్న బోర్డు పాతుతున్నారు. సుత్తి దెబ్బకి గడ్డి కింద చిన్న గుంత బయటపడింది. అందులో మెత్తటి బొచ్చు పరుపు మీద కళ్ళింకా తెరవని పిల్లలు మూడు. ఇంకొకరైతే బోర్డు పక్కకి జరిపేవారు. ఆయన నాయకుడు కాబట్టి పిల్లల్ని జరిపారు.

అప్పుడే అటుగా వచ్చింది ఆర్లిస్ నవోత్నీ. స్కూల్లో వంట చేసి రిటైరైన మనిషి, మా పక్కింటావిడ. గూట్లోంచి పడ్డ ఉడతల్ని, కాలు విరిగిన కొంగల్ని పెంచి వదిలేయడం ఆవిడకి అలవాటు.

"ఏమయ్యా వెర్లిన్, ఎక్కణ్ణించి తీశావో అక్కడే పెట్టెయ్" అంది. "వాళ్ళమ్మ పగలు దగ్గరికి రాదు, గూడు ఎవరికీ తెలియకూడదని. చీకటి పడ్డాక వచ్చి పాలిచ్చి పోతుంది. అదిగో, ఆ పొద కింద కూచుని నిన్నే చూస్తోంది."

మేయరు గారు పొద వైపు చూశారు. పొద కింద నిజంగానే ఒక కుందేలు ఉంది.

"ఫొటో తీసేశారు కదమ్మా" అన్నారాయన. "రేపు పేపర్లో అనాథలని వస్తుంది. ఇప్పుడు తల్లి ఉందంటే పేపరు పరువేం కాను?"

"పేపరు పరువు కోసం తల్లిని లేకుండా చేస్తావా?"

"నేనెందుకు చేస్తాను? ఇకనుంచి నువ్వే వీళ్ళ తల్లివి" అని టోపీ ఆవిడ చేతిలో పెట్టి, పక్కనే ఉన్న పేపరు ఫొటోగ్రాఫరు వైపు తిరిగి నవ్వారు. గుంతలో బోర్డు దిగబడిపోయింది. ఇక వెనక్కి పెట్టడానికి చోటెక్కడ?

ఆర్లిస్ వాటిని బట్టలుతికే గదిలో అట్టపెట్టెలో పెట్టింది. పిల్లికూనల పాలపొడి కలిపి మందుచుక్కల గొట్టంతో పట్టింది. రేడియో ఆపేసింది. వాటితో ఒక్క ముక్క మాట్లాడేది కాదు, ముద్దు చేసేది కాదు. నేను పెట్టెలోకి తొంగి చూసి "బుజ్జిముండలు" అన్నందుకు నన్ను గదిలోంచి గెంటేసింది. కళ్ళు తెరిచాయి, చెవులు నిలబడ్డాయి, పాలు మానేసి గడ్డి కొరకడం మొదలెట్టాయి. ఒకరోజు కంచె దగ్గరకొచ్చి మెరిసే మొహంతో చెప్పింది:

"ఇవాళ నన్ను చూసి మూలకి పారిపోయాయి! బాగా పెరిగాయి."

నాతో ఇంత సంతోషంగా ఆవిడ ఏనాడూ మాట్లాడలేదు. వెంటనే వెళ్ళి, ఈ వారమే మా ఇళ్ళ వెనక గడ్డి మైదానంలో వదిలేస్తానని మేయరు గారికి చెప్పింది.

"వదిలేస్తావా? ఊరి కుందేళ్ళని? ఎవర్నడిగి?" మేయరు గారు అదిరిపడ్డారు.

"అడవి కుందేళ్ళయ్యా. అడగాలంటే వాటినే అడగాలి."

"చూడమ్మా ఆర్లిస్, ఇది ప్రజాస్వామ్యం. ఉంచాలా వదలాలా అన్నది కౌన్సిల్ తేలుస్తుంది. బిల్లు పెడతాం. మూడు మీటింగుల్లో మూడుసార్లు చదువుతాం. ఓటు వేస్తాం. అప్పటిదాకా చట్టప్రకారం వాటిని కదపకూడదు."

"అన్నాళ్ళు పెట్టెలో ఉంటే గోడలకి కొట్టుకుని చస్తాయి వెర్లిన్. వాటికి రోగమక్కర్లేదు, భయం చాలు."

"అందుకే మొదటి పఠనం త్వరగా పెడుతున్నాను" అన్నారాయన దయగా. మా కౌన్సిల్ నెలకి రెండుసార్లే కూచుంటుంది. జులైలో ఒక మీటింగు మొక్కజొన్న పొత్తుల విందు కోసం రద్దవుతుంది.

ముందుగా నామకరణం జరిగింది. మొదటిదానికి లూథరన్ చర్చి వాళ్ళ కోసం అగస్టా అని పెట్టారు. క్యాథలిక్కులు అలగకుండా రెండోదానికి బెర్నడెట్ అని పెట్టారు. మూడోదాన్ని ఏ చర్చికీ పోని వాళ్ళకి వదిలేశారు. వాళ్ళు పేరు పెట్టడానికి ఒక మీటింగు పెట్టుకున్నారు గానీ ఎవరూ రాలేదు.

"పేర్లు పెట్టకండి బాబూ" అంది ఆర్లిస్. "పేరు పెట్టాక మీకు వదలబుద్ధి కాదు."

అది విని మేయరు గారు ఎంతో మెచ్చుకున్నారు. అప్పటిదాకా ఏ పక్షమో తేల్చుకోని ఆయన, మర్నాటికల్లా "ఉంచుదాం" అని బోర్డులు అచ్చేయించి, పార్కులో వాటికో గూడు కట్టిస్తానన్నారు.

టైర్ల షాపు గ్లెన్ టీట్జ్ కౌన్సిల్ సభ్యుడు, ఈసారి మేయరుగిరీకి పోటీదారు. ఆయన "వదులుదాం" బోర్డులు వేయించాడు. ఇంత గొప్ప సిద్ధాంతం ఎలా తట్టిందని అడిగాను.

"నాకూ ఉంచుదామనే ఉండేదోయ్" అన్నాడు నిజాయితీగా. "ఆ మాట ఆయన ముందే తీసేసుకున్నాడు. మిగిలిందేదో దాంతోనే పోరాడాలి కదా?"

పోరాటం మా ఊరిని ఉర్రూతలూగించింది. ప్రతి ఇంటి ముందూ బోర్డు. కొన్ని ఇళ్ళ ముందు రెండు బోర్డులు, భార్యదొకటి, భర్తదొకటి. చర్చి విందులో "వదులుదాం" వాళ్ళు తెచ్చిన నూడుల్స్ గిన్నె "ఉంచుదాం" వాళ్ళు ముట్టలేదు. ముప్ఫయ్యేళ్ళుగా దాన్ని ముట్టకుండా ఉండటానికి వాళ్ళొక సాకు వెతుక్కుంటున్న మాట వేరు.

మొదటి పఠనానికి రాష్ట్రం నుంచి అడవి జంతువుల ఆఫీసరమ్మ వచ్చింది. అడవి కుందేలు ఎలా బతుకుతుందో, తల్లి పాలెప్పుడిస్తుందో, పిల్లలు ఎప్పుడు విడిపోతాయో అంతా చక్కగా వివరించింది. "అందుచేత చట్టం ఏం చెబుతోందంటే, వీటిని గనక వెంటనే..." అనగానే నేను గంట కొట్టాను. మూడు నిమిషాలయ్యాయి మరి. సభలో సగం మంది "వెంటనే వదలాలి" అని, సగం మంది "వెంటనే గూడు కట్టాలి" అని అర్థం చేసుకుని చప్పట్లు కొట్టారు. ఆవిడ మూడు గంటలు కారు నడుపుకుని వచ్చింది, మళ్ళీ మూడు గంటలు నడుపుకుని పోయింది.

రెండో పఠనానికి ఆర్లిస్ లేచింది. "నిన్న ఒకటి పెట్టెకి కొట్టుకుని ముక్కు చితక్కొట్టుకుంది. ఇంక ఆగితే దక్కవు. వదలనివ్వండి" అని కూచోబోయింది.

"ఆగమ్మా" అన్నారు మేయరు గారు. "నీకింకా రెండున్నర నిమిషాలున్నాయి. పౌరుల సమయాన్ని కౌన్సిల్ కుదించదు."

"నేను చెప్పాల్సింది అయిపోయింది."

"నీది అయిపోయిందేమో గానీ, నీ హక్కు అయిపోలేదు."

ఆవిడ నిలబడే ఉంది. సభ అంతా ఆవిడ మొహం చూస్తూ కూచుంది. నాకు చాలా బాధేసింది, గంట కొద్దిగా ముందే కొట్టేశాను. ఇరవయ్యేళ్ళ సర్వీసులో నేను చేసిన ఒకే ఒక్క అక్రమం అది.

మూడో పఠనంలో ఓట్లు సమానమయ్యాయి. మేయరు గారు లేచి, కళ్ళు మూసుకుని, చాలాసేపు అంతరాత్మతో సంప్రదించి, తన ఓటు "ఉంచుదాం" వైపు వేశారు. పార్కులో గూడు అంతకు ముందు వారమే కట్టేశారు. దేవదారు చెక్క, రేకు కప్పు, లోపల పడుకోవడానికి చీకటి గది. గుమ్మం మీద మేయరు గారి పేరు.

అప్పగింతల రోజు ఊరంతా పార్కులోనే ఉంది. స్కూలు బ్యాండు వాయించింది. ఆర్లిస్ తువ్వాలు కప్పిన అట్టపెట్టె తెచ్చి మేయరు గారి చేతిలో పెట్టింది. పెట్టె అందించడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. అప్పుడే తేలిగ్గా ఉందేమిటా అనుకున్నాను. మేయరు గారు తువ్వాలు కొస ఎత్తి చూశారు. లోపల గడ్డి ఉంది.

"ఏవీ?" అన్నారు పెదవులు కదపకుండా.

"వదిలేశాను."

"ఎప్పుడు?"

"నన్ను నిలబెట్టావు చూడు, ఆ సాయంత్రమే."

ఆయన ఎదురుగా జనాన్ని చూశారు, బ్యాండు చూశారు, కెమెరా చూశారు. బతికాయా అని ఆయన అడగలేదు. నేనడిగాను.

"ఏమో" అంది ఆర్లిస్. "వెనక్కి తిరిగి చూడలేదు." ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం పండగలా ఉంది.

మేయరు గారు పెద్దమనిషి. పెట్టెలో చెయ్యి పెట్టి, గడ్డిని మెల్లగా నిమిరి, ఒక్కొక్కదాన్నీ రెండు చేతులా ఎత్తి గూడు చీకటి గదిలో దించారు. మూడోదాన్ని దించేటప్పుడు అది కరిచినట్టుంది, వేలు విదిలించుకున్నారు. "హుష్, బెదురుతాయి" అన్నారు. ఊరంతా ఊపిరి బిగబట్టింది.

"అగస్టా ఎంత ఎదిగిందో!" అంది వెనక ఒకావిడ.

"అది బెర్నడెట్ అండీ. చెవులు చూడండి" అందింకొకావిడ.

"పాపం, ఎలా వణుకుతున్నాయో చూశారా!" అని గ్లెన్ టీట్జ్ అరిచాడు. "ఇది జైలు!"

ఆ రోజునుంచి గూటికి కాపలా పెట్టారు. ముట్టుకోవద్దని, చప్పుడు చెయ్యొద్దని, టార్చి వెయ్యొద్దని బోర్డు పెట్టారు. పక్క ఊళ్ళనుంచి బస్సుల్లో వచ్చి చూసేవారు. ఎవరికీ ఏమీ కనబడేది కాదు. అసలైన అడవి జంతువులంటే ఇలా ఉండాలి అని మెచ్చుకుంటూ పోయేవారు. శనివారం శనివారం గ్లెన్ మనుషులు గూటి చుట్టూ కొవ్వొత్తులు పట్టుకుని విడుదల కోరేవారు. ఆర్లిస్ రెండుసార్లు నిజం చెప్పబోయింది. మొదటిసారి ఉంచుదాం వాళ్ళు ఆవిణ్ణి అబద్ధాలకోరువి పొమ్మన్నారు. రెండోసారి వదులుదాం వాళ్ళు వచ్చి, "అలా అంటే మా ఉద్యమం ఏమైపోవాలి తల్లీ?" అని బతిమాలుకున్నారు.

నవంబరులో గ్లెన్ టీట్జ్ గెలిచాడు. ప్రమాణస్వీకారం చేసి కోటైనా విప్పకుండా నేరుగా పార్కుకి వచ్చాడు. సన్నగా మంచు పడుతోంది. "మాటంటే మాటే!" అని, అందరి ముందూ గూడు తలుపు తీసి, చీకటి గదిలోకి చెయ్యి పెట్టాడు. ఇంకొంచెం లోపలికి పెట్టాడు. భుజందాకా పెట్టాడు.

తర్వాత చెయ్యి తీసి, గడ్డి దులుపుకుని, తలుపు జాగ్రత్తగా మూసి, గొళ్ళెం వేశాడు.

"మిత్రులారా" అన్నాడు. "మనం ఆలస్యంగా వచ్చాం. గత పాలనలో ఇవి ఎంత మచ్చికైపోయాయంటే, తలుపు బార్లా తీసినా బయటికి రావడం లేదు. ఈ చలిలో వీటిని వదలడమంటే చంపడమే. గూటికి హీటరు మంజూరు చేస్తున్నాను."

ఊరు కళ్ళు తుడుచుకుంది. అంతలో ముందు వరసలోంచి మాజీ మేయరు వెర్లిన్ ఆస్ట్రాండర్ గారు మంచులో రెండడుగులు ముందుకొచ్చారు.

"అన్యాయం!" అని గర్జించారు. "ఆ మూగజీవాల్ని తక్షణం వదిలిపెట్టాలి!"

ఆయన చెంపల మీదుగా నీళ్ళు కారాయి. అవి నిజమైన కన్నీళ్ళే, నేను పక్కనే ఉన్నాను.