మెట్ల కింద మూసీ వరద

మూసీ పొంగి నగరం మునిగిపోయిందన్న సంగతి అంజయ్యకు ఆబిడ్స్‌లో, తన కాంప్లెక్స్ మెట్ల దగ్గర, సగం తాగిన చాయ్ కప్పుతో నిలబడి ఉండగా తెలిసింది.

వార్త ఎదుటి నల్లబోర్డు మీద ఉంది. పైన ‘ఈ రోజు’ అన్న శీర్షిక. కింద మూడు వాక్యాలు. శాస్త్రవేత్త పాశ్చర్ కన్నుమూశారు. మూసీ పొంగి నగరం మునిగింది, వేలమంది చనిపోయారు. ప్రాణాలు కాపాడే పెన్సిలిన్ కనుగొన్నారు.

అంజయ్యది సెల్లార్‌లో పెళ్ళికార్డుల ప్రెస్సు. కిరాయికి దిగి వారం కూడా కాలేదు. ఆ ఉదయం అతని ప్లాన్ చాలా చిన్నది. హాసిని అనే అమ్మాయి పెళ్ళికార్డులు లక్డీకాపూల్‌లో వాళ్ళింటికి చేర్చి, వచ్చేటప్పుడు ఇడ్లీ తినాలి. కాని రాత్రంతా వాన కురిసింది. పక్క సందులో ఎవరైనా బకెట్ బోర్లిస్తే నీళ్ళొచ్చే సెల్లార్ అది. పైగా ఇందాక ఇదే బోర్డుకు ఆనుకుని నిలబడ్డ కాంప్లెక్స్ ప్రెసిడెంటు సురేందర్, అంజయ్య నమస్తే అందుకుని, ఇంత పెద్ద కబురు దాచి, టిఫిన్‌కని నాంపల్లి వైపు వెళ్ళిపోయాడు.

“పెద్దోళ్ళు గట్లనే ఉంటరు. ముందుగాల వాళ్ళు తప్పించుకుంటరు” అనుకుని అంజయ్య పరుగెత్తాడు.

కార్డుల కట్టలు మోసుకుని పైకొచ్చి, సురేందర్ సూట్‌కేసుల షాపులో దూరాడు. సూట్‌కేసుల్లోకి నీళ్ళు పోవని అతనికి గట్టి నమ్మకం. దొరికినవాటినల్లా తెరిచి కార్డులు కుక్కుతుంటే సేల్స్‌మన్ నోరు తెరిచాడు.

“ఏంది అన్నా, ఏం చేస్తున్నవ్?”

“మూసీ వచ్చింది తమ్మీ! పాశ్చర్ సారు సుత పోయిండట!”

“గాయన ఎవరు?”

“ఎవరైతేంది? మంచోడే కావచ్చు. బోర్డు మీద పేరు రాసిన్రు.”

చనిపోయిన మనిషి పేరు వినబడితే షట్టరు సగం దించడం ఆ వరుసలో మర్యాద. సేల్స్‌మన్ దించాడు. అది చూసి పక్కవాళ్ళూ దించారు. ఎందుకు దించారో తెలియనివాళ్ళు మరింత విచారంగా దించారు. దారిన పోయేవాళ్ళు బోర్డు చదివారు. వరద తర్వాత జ్వరాలు రావడం సహజం, కొత్త మందు దొరకడం అదృష్టం. వాళ్ళంతా రోడ్డు దాటి ప్రసన్నకుమార్ మెడికల్ షాపు ముందు లైను కట్టారు.

“ఈ రోజు కనిపెట్టిన పెన్సిలిన్ కావాలె. తాజాది.”

పాత మందేనని ప్రసన్నకుమార్ పదిమందికి చెప్పి చూశాడు. తర్వాత గొంతు నొప్పి పుట్టి, ‘తాజా స్టాకు సాయంత్రం’ అని అట్టముక్క వేలాడదీశాడు.

సురేందర్ దోసె తిని తిరిగొచ్చేసరికి తన షాపు సంతాపంలో ఉంది. లోపల ఫోను మోగుతోంది. ఇందాక సగం దించిన షట్టరు కింద దూరి హడావిడిగా సూట్‌కేసు కొనుక్కెళ్ళిన ఆసామి రైలెక్కబోతూ స్టేషన్ నుంచి అరుస్తున్నాడు.

“నీ సూట్‌కేస్ తెరిస్తే కట్టలు కట్టలు పెళ్ళికార్డులున్నయి! హాసిని ఎవరని మా ఆవిడ ప్లాట్‌ఫాం మీద నా కాలర్ పట్టుకుంది. జర నువ్వన్న చెప్పు!”

సురేందర్ అంజయ్యను నిలదీసి సంగతంతా రాబట్టి ఫోన్‌లో చెప్పాడు, క్షమాపణ కోరాడు. కార్డులు తెమ్మని సేల్స్‌మన్‌ను స్టేషన్‌కు తరిమాడు. అప్పుడు బోర్డు దగ్గర కోర్టు పెట్టాడు.

ఆ బోర్డు విద్యావతిది. మొదటి అంతస్తులో ఆమె పాత పుస్తకాల దుకాణం. మెట్లు చీకటి. పైన దుకాణముందని ఎవరికీ తెలియదు. అందుకే రోజూ పొద్దున్నే చరిత్రలో ఆ తేదీన ఏం జరిగిందో రాసి పెడుతుంది. చదివినవాళ్ళలో కొందరు మెట్లెక్కుతారు. వాళ్ళే ఆమె బేరం. బషీర్‌బాగ్‌లో ఎవరో అమ్మజూపిన పుస్తకాల మూటతో ఆమె అప్పుడే ఆటో దిగింది.

“సంవత్సరాలు రాయకుండ గీ బోర్డేందక్కా?” అన్నాడు సురేందర్. “అసలు గివి ఎవడు చదువుతడు? ఇయ్యాల్టి నుంచి బోర్డు బంద్.”

విద్యావతి మూట కింద పెట్టింది. “నేను రాసిన తమ్మీ. ‘చరిత్రలో ఈ రోజు’ అని రాసిన. 1895, 1908, 1928 అని వరుసగా వేసిన. ఎడమపక్కంత ఎవరో తుడిచిన్రు. బోర్డు తీస్తే నా దుకాణానికి తాళమే.”

“తడి గుడ్డతోటి తుడిస్తే మరక ఉంటది. ఏదీ?” అన్నాడు సురేందర్ పోలీసు ఫక్కీలో.

“తడి సుద్దతోటి రాస్తనయ్యా, అక్షరాలు గట్టిగ నిలవాలని. ఆరకముందు ఏది తగిలినా దానికే అంటుకుంటయి.”

“సాకులొద్దు” అంటూ సురేందర్ బోర్డు ఎత్తడానికి అటు తిరిగి వంగాడు.

గుంపు ఒకడుగు ముందుకు జరిగింది. సురేందర్ ముదురు నీలం సఫారీ వీపు మీద, అద్దంలో చూసినట్టు తిరగేసి, తెల్లగా గుండ్రంగా ‘చరిత్రలో’ అని ఉంది. దాని కింద మూడు సంవత్సరాలు, పొందికగా.

“అన్నా,” అన్నాడు అంజయ్య మెల్లగా, “నీ ఈపు మీద 1908 ఉన్నది.”

సేల్స్‌మన్ అప్పుడే కార్డుల కట్టలతో స్టేషన్ నుంచి వచ్చాడు. ఎవరో ఫోన్‌లో ఫొటో తీసి సురేందర్‌కు చూపించారు. అతను ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. బోర్డును ఎక్కడిదక్కడ పెట్టాడు. రుమాలుతో దాని దుమ్ము కూడా తుడిచాడు, ఈసారి చెక్క అంచు మాత్రమే.

“ఔ, నేనే” అన్నాడు. “రోజూ చదువుత అక్కా. ఎవరూ రాకముందే వచ్చి చదువుత. సాయంత్రం పబ్లిక్ గార్డెన్ల వాకింగ్ దోస్తులకు నాకే తెలిసినట్టు చెప్త. వాళ్ళు నన్ను ప్రొఫెసర్ సాబ్ అంటరు. ఇయ్యాల చదువుతుంటె గీ అంజయ్య వచ్చిండు. చదువుతున్నట్టు కనబడితె ఇజ్జత్ పోతదని గిర్రున తిరిగి ఆనుకున్న. గంతే. బోర్డు ఉండనీ, మెట్లకు లైటు గూడ నేనే పెట్టిస్త. గని అక్కా, జర మెల్లగ చెప్పు... రేపేమైంది?”