మూత తీయని కిమ్చీ

శనివారం పొద్దున బోరమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం బస్సులో అత్తగారు మల్సున్ ఈ చలికాలపు కిమ్చీ, అదే కారం పెట్టి ఊరేసిన క్యాబేజీ పచ్చడి, పట్టుకుని వస్తోంది. ఆలోగా ఆవిడ నిరుడు తెస్తే మిగిలిపోయిన కిమ్చీ ఇంట్లో కనపడకూడదు. పెళ్లయిన నాలుగేళ్లలో అత్తగారు ఆమెను పల్లెత్తు మాట అనలేదు. అంత మంచి మనిషి మనసు పులిసిన క్యాబేజీ వల్ల విరిగిపోతే ఎలా అని బోరమ్ భయం.

రెండు డబ్బాలు మంచం కింద దాచి, మూడోది తీసుకెళ్లి కింది అంతస్తులోని యాంగ్ పిన్నిగారికి ఇచ్చి, హమ్మయ్య అనుకుంది. కాని ఇరుగుపొరుగు ఇచ్చిన డబ్బాను ఖాళీగా తిరిగి పంపడం ఆ ఊళ్లో ఎవరింటా లేదు. పిన్నిగారు ఆ కిమ్చీతోనే అట్లు పోసి, డబ్బా నింపుకుని లిఫ్ట్ ఎక్కింది. ముందు బస్సుకే వచ్చేసిన మల్సున్ అందులోనే ఉంది. మూత మీద తను అంటించిన చీటీని ఆమె గుర్తుపట్టింది.

బోరమ్ తలుపు తీసేసరికి ఇద్దరూ ఎదురుగా ఉన్నారు.

"మీ కోడలిచ్చిన కిమ్చీయేనండీ ఇది!" అంటోంది పిన్నిగారు.

బోరమ్ గబగబా అడ్డుపడింది. "మీ చేతి రుచి చూస్తారని చిటికెడు ఇచ్చాను అత్తయ్యా. మిగతాదంతా మేమే ఊడ్చి తినేశాం!"

"చిటికెడేంటమ్మా, డబ్బా నిండా ఇచ్చావు! ఇంకా రెండున్నాయన్నావుగా?"

ఇంతలో మొగుడు గ్యూహో ఆవులిస్తూ బయటికొచ్చాడు. "ఏ కిమ్చీ? ఈసారి మనం మూతే తీయలేదుగా!"

బోరమ్ తల వాల్చేసింది. "క్షమించండి అత్తయ్యా. ప్రతి ఏడూ కొంచెం... ఉప్పెక్కువని..."

"కొంచెమా? సముద్రమే పిల్లా అది!" మల్సున్ కుర్చీలో కూలబడి పగలబడి నవ్వింది. "నేను చేసిందనుకున్నావా? మా అత్తగారిది! ముప్పయ్యేళ్లుగా మింగలేక కక్కలేక చస్తున్నా. నువ్వు లొట్టలేసుకు తింటున్నావని మొత్తం నీకే మోస్తున్నా."

బోరమ్ నెత్తి మీద నుంచి నాలుగేళ్ల బరువు దిగిపోయింది. అత్తాకోడళ్లు కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వుతూ అట్లు తిన్నారు. ఇక మీదట అబద్ధాలొద్దని ఒట్టు కూడా పెట్టుకున్నారు.

అప్పుడే ఫోన్ మోగింది. పేరు చూసి మల్సున్ చటుక్కున లేచి నిలబడింది. "ఆ, అందింది అత్తయ్యా! అమృతమే! పిల్లలు చాలదని గొడవ... ఇంకో ఇరవై క్యాబేజీలా? అయ్యో, తప్పకుండా వేయండి!"

బోరమ్ తప్పు పట్టలేదు. ఎంతైనా ఆవిడా ఒకింటి కోడలే.