టిప్పింగ్ పాయింట్‌కి రోడ్డు

“మన పెద్ద చెరువు టిప్పింగ్ పాయింట్‌కి అతి చేరువలో ఉందని శాస్త్రవేత్తలు తేల్చారు. గత పాలకులు అక్కడికి కనీసం రోడ్డయినా వేయలేదు. మా హయాంలో చేరుకుని తీరతాం!” అని మంత్రిగారు విలేకరుల ముందు బల్ల గుద్ది ప్రకటించారు.

వెనక ఆయన కార్యదర్శి నిలబడి ఉన్నాడు. రిపోర్టు చదివింది అతనొక్కడే. కొండమీద సన్‌సెట్ పాయింట్ లాంటిదే ఇదీ ఒకటని మంత్రిగారు అనుకున్నారు. చెవిలో ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి. నోరు మూసుకోగానే మనసు ఎంత తేలికపడిందో చూసి అతనికే ఆశ్చర్యమేసింది. తన చేతులు కూడా చప్పట్లు కొడుతున్నాయని కాసేపటికి గమనించాడు.

రిపోర్టు రాసిన శాస్త్రవేత్త కార్యదర్శి ఆఫీసుకు పరుగున వచ్చింది.

“అదేమన్నా చూసొచ్చే చోటా అండీ? ఊరి మురుగు ఇంకాస్త చేరితే చెరువు పాచిపట్టి విషమైపోతుంది. ఆపైన మురుగు ఆపినా నీళ్లు బాగుపడవు. ఆ అంచునే అలా అంటారు. మీ ఇంటి కుళాయికొచ్చేవీ ఆ నీళ్లేగా?”

“మీరన్నది అక్షరాలా నిజమమ్మా. వీలు చూసి సార్ చెవిన వేస్తాను.”

వీలు చిక్కలేదు. మంత్రిగారి దూరదృష్టి అంత వేగంగా పరుగెత్తింది. ఆయన బామ్మర్ది ప్రతిభను వెతుక్కుంటూ కాంట్రాక్టు వెళ్లింది. రోడ్డు పడింది. గట్టుమీద అద్దాల మేడ, క్యాంటీను, వరసగా మరుగుదొడ్లు లేచాయి.

“పైపులెక్కడికిరా?”

“చెరువులోకే బావా. పక్కనే ఉంది, కలిసొచ్చింది.”

“శభాష్! ప్రకృతికి దగ్గరవడమంటే అదీ.”

కార్యదర్శి గొంతుదాకా ఓ మాట వచ్చింది. దగ్గనుకుని మంత్రిగారు దయతో మంచినీళ్లిప్పించారు. నీళ్లతో కలిపి ఆ మాటనూ మింగేశాడు.

ప్రారంభోత్సవం నాటికి చెరువంతా ఆకుపచ్చటి తెట్టు కట్టింది. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని మరీ మంత్రిగారు మురిసిపోయారు. “చూశావా పచ్చదనం! ఇంతకుముందుందా?”

“లేదు సార్,” అన్నాడు కార్యదర్శి. మంత్రిగారి ముందు అతను పలికిన మొదటి నిజం అదే.

ఫోను మోగింది. భార్య. “ఏమండీ, కుళాయిలో పచ్చనీళ్లొస్తున్నాయి. పాపకి పొద్దుట్నించీ వాంతులు. అక్కడ ఎవరికైనా చెప్పండి!”

“సార్ బిజీగా ఉన్నారు,” అని పెట్టేశాడు.

రిబ్బను కత్తిరించి, మంత్రిగారు శాస్త్రవేత్తను మైకు దగ్గరికి పిలిచారు. “మీ నోటితోనే చెప్పండమ్మా, టిప్పింగ్ పాయింట్ ఇంకెంత దూరం?”

ఆమె చెరువు వైపు చూసింది. “దాటిపోయామండి.”

చప్పట్లు మోగాయి.

“చూడకుండానే దాటేశామా? పదండి, వెనక్కి వెళ్దాం.”

“వెనక్కి దారి లేదండి.”

మంత్రిగారి మొహం ఎర్రబడింది. “వెనక్కి దారి లేకుండా రోడ్డెలా వేశావురా?”

“ఎస్టిమేట్‌లో లేదు బావా,” అన్నాడు బామ్మర్ది.

“అయితే ఇప్పుడు పెట్టు. శంకుస్థాపన నేనే చేస్తా.”

కార్యదర్శి జేబులో ఫోను మళ్లీ మోగుతోంది. పైనుంచే దాని నోరు నొక్కేసి, “తేదీ ఎప్పుడు పెట్టమంటారు సార్?” అన్నాడు.