పక్క సీట్లో సవతి

ఉజ్జాయింపురావు అసలు పేరు ఆయన లారీ కాగితాల మీద భద్రంగా ఉంది. దాంతో ఎవరికీ పని పడదు. ఏది అడిగినా "అటూ ఇటూగా సరిపోతుందిలే" అంటాడు కాబట్టి వీధంతా కలిసి ఆయనకు ఆ పేరు ఖాయం చేసింది. అలాంటి మనిషికి దేవుడు చూసి చూసి ఒక టైలరమ్మను ముడిపెట్టాడు. ఆవిడ మెడలో టేపు లేకుండా వాకిట్లోకి కూడా రాదు.

మూడు నెలల క్రితం ఆయన తన మినీ లారీకి నాలుగు పెద్ద టైర్లు వేయించాడు. వాటికి జోడుగా స్పేర్ టైరు కూడా పెద్దదే కొన్నాడు. అక్కడిదాకా తెలివైన పనే. కానీ లారీ అడుగున, పాత స్పేరు వేలాడిన చోట, ఈ కొత్తది పట్టలేదు. వెనక సామానుతో పడేస్తే సామాను గీసుకుపోతుంది. దాంతో దాన్ని తెచ్చి డ్రైవరు పక్క సీట్లో కూర్చోబెట్టి, బెల్టు కూడా పెట్టాడు.

ఆ సీటు ఇరవై రెండేళ్లుగా ఆవిడది. దూరం లోడు ఉన్నప్పుడల్లా పక్కన కూర్చుని కాజాలు కుడుతూ, గతుకొస్తే సూది పైకెత్తుతూ, ఆయన దారి తప్పితే దెప్పుతూ వెళ్లేది. టైరు ఎక్కిన రోజు తలుపు తీసి చూసింది.

"ఓహో, సవతి వచ్చింది."

"నాలుగు రోజులే. కింద పెట్టించేస్తా."

"పర్లేదండీ. నాకన్నా నయం. నోరెత్తదు."

నోరెత్తదు, నిజమే. ఆయన బాధ కూడా అదే. మలుపు దగ్గర "ఎండ మండిపోతోంది కదూ" అని పక్కకు తిరిగితే నల్లగా రబ్బరు కనిపించేది. రెండుసార్లు దాని జవాబు కోసం ఎదురుచూశాడు కూడా. ఆవిడ లేకుండా బండి తోలడం ఆయనకు అస్సలు బాగాలేదు. ఆ ముక్క ఆవిడతో అనాలంటే మాత్రం నాలుక మడతపడేది.

రేపు పొద్దున కూతురు ఉండే ఊరికి లోడు. ఆయన లారీలో, ఆవిడ బస్సులో, ఒకే రోజు, ఒకే ఇంటికి. "నీకు బస్సులోనే సుఖం" అని వారం క్రితం ఆయనే అన్నాడు. అన్నప్పటి నుంచి ముద్ద దిగడం లేదు.

అందుకే ఈ పన్నాగం. ఆవిడ మధ్యాహ్నం తన కుట్టు దుకాణానికి వెళ్లగానే టైరును కింద బిగించేయాలి. పొద్దున ఆవిడ చూసేసరికి సీటు ఖాళీగా ఉండాలి. ఇక నోటితో చెప్పాల్సిన పనే ఉండదు.

అనుకున్నట్టే ఆవిడ వెళ్లగానే కింద దూరి చూశాడు. ఒక పక్క సైలెన్సర్ గొట్టం, ఇంకో పక్క అడ్డ కమ్మీ, మధ్యలో టైరును వేలాడదీసే గొలుసు. కంటితోనే కొలిచి, అటూ ఇటూగా సరిపోతుందని తీర్మానించాడు.

టైరు రెండు వేళ్లు ఎక్కువైంది. అప్పుడాయనకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. టైరులో గాలి తీసేశాడు. మెత్తబడ్డాక గొలుసుకు తగిలించి, రాడ్డు తిప్పి పైకి లాగి, నొక్కి, కుక్కి, ఎలాగో దూర్చాడు. తర్వాత కింద వెల్లకిలా పడుకుని కరెంటు పంపుతో గాలి కొట్టాడు. టైరు ఉబ్బి, గొట్టానికీ కమ్మీకీ మధ్య బిగుసుకుపోయింది. ఇక ఏనుగు లాగినా కదలదు.

సంతోషంగా బయటికి పాకబోయాడు. ఆయనా కదల్లేదు. మడత ఊడిన చొక్కా చెయ్యి అంచు టైరుకీ కమ్మీకీ మధ్య ఇరుక్కుపోయింది. మళ్లీ గాలి తీస్తే వదులుతుంది. కానీ పడ్డ కష్టమంతా గాలిలో కలపడానికి అభిమానం ఒప్పుకోలేదు. అరగంట అలాగే పడుకున్నాడు. అంతలో కళ్ల ముందు రెండు చెప్పులు ఆగాయి. ఆవిడవే.

"ఏమండీ, కిందేం చేస్తున్నారు?"

"నీడగా ఉందని పడుకున్నా. నువ్వేంటి అప్పుడే వచ్చేశావ్?"

"దారం మరిచిపోయా. చెయ్యి పైకెత్తి పడుకున్నారేం?"

"గాలి ఆడుతుందని."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది. ఆ చప్పుడు ఆయనకు నచ్చలేదు.

"సరే, టైరు పెట్టారు. దారిలో పంచరైతే దీన్నెలా తీస్తారు?"

"అదెంత పని. గాలి తీస్తే అదే జారుతుంది."

"గాలి లేని టైరు బండికి వేస్తారా?"

"పంపు పట్టుకెళ్తా."

"మన గోడకున్న ప్లగ్గు కూడా పట్టుకెళ్తారా?"

ఆయన పంపును కాలితో పక్కకు నెట్టాడు.

"ఆ గొట్టం కాలుతుందా?"

"సైలెన్సర్ కదా, కాలదూ మరి."

"దాన్ని ఆనుకుని రబ్బరు."

ఆయన చొక్కా చేతిని ఇంకోసారి గుంజి చూశాడు. తర్వాత సన్నగా, "చొక్కా ఇరుక్కుంది. కత్తెర తే" అని వినిపించింది.

"నేను కుట్టిన చొక్కా అది. కత్తెర పడనివ్వను."

"అయితే నన్నిక్కడే ఉండిపొమ్మంటావా?"

"గుండీలు విప్పుకుని రండి."

అరగంటగా ఆ సంగతి ఆయన బుర్రకు తట్టలేదు. చొక్కాను అక్కడే వదిలి, బనీనుతో, తేలు కుట్టిన దొంగలా బయటికి వచ్చాడు.

వాకిట్లో ఆవిడ ఒక్కతే లేదు. వీధి చివరి వెల్డర్ భుజాన ఇనుప ఫ్రేముతో నిలబడి, మర్యాదగా ఆకాశం చూస్తున్నాడు.

"పది రోజుల క్రితమే అక్క కొలతలు ఇచ్చింది బావా. ఇవాళ బిగిద్దామంది" అంటూ వెల్డర్ ఒక చీటీ చూపించాడు. అది టైలరు దుకాణం చీటీ. దాని మీద ఆవిడ చేతిరాతతో టైరు చుట్టుకొలత, నడుము, భుజం, లారీ అడుగున ఉన్న ఖాళీ, చివర లూజు నాలుగు వేళ్లు అని ఉంది. "టైరుకు భుజమేదో తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది."

ఆయన గురకపెట్టి నిద్రపోతుంటే ఆవిడ తెల్లవారకముందే టేపు పట్టుకుని లారీ కిందికి పాకిందన్నమాట. అది తలుచుకునేసరికి ఆయనకు ఎక్కడలేని ప్రేమా పొంగుకొచ్చింది, సిగ్గూ వేసింది.

చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టించి ఆవిడ పని మొదలుపెట్టించింది. గాలి తీసి టైరు దించారు. చొక్కా కాస్త నలిగి బయటపడింది. కొత్త ఫ్రేము అడ్డ కమ్మీకి కిందుగా, గొట్టానికి నాలుగు వేళ్ల ఎడంగా బిగించి, మధ్యలో వేడి తగలకుండా రేకు అడ్డం పెట్టారు. నిండుగా గాలి కొట్టి కొలిచాకే టైరును పైకి ఎత్తనిచ్చింది. ఒక గొలుసు తెగినా రోడ్డు మీద పడకుండా రెండో గొలుసు వేయించింది. బండి లోడుతో కుంగినా నేలకు తగలదని కొలిచి చూసింది. వెల్డర్ రెండు చేతులా పట్టుకుని ఊపినా టైరు కిక్కురుమనలేదు. అతను వెళ్లిపోయాడు.

"ఇంత పని చేయిస్తూ నాకొక్క మాట చెప్పొచ్చుగా" అన్నాడాయన.

"మీరేమైనా చెబుతారేమోనని చూశా."

"నేనేం చెప్పాలి?"

ఆవిడ లారీ తలుపు తీసి ఖాళీ సీటు దులిపింది. ఎక్కలేదు.

"సీటు ఖాళీ చేయడం వెల్డర్‌కి చెప్పినా అయిపోతుందండీ. రమ్మని పిలవడం కూడా అతనికే చెప్పమంటారా? బస్సులో సుఖమన్నది మీరేగా."

ఆయన చేతులకంటిన గ్రీజు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. చివరికి వెనక చక్రం వైపు చూస్తూ, "నువ్వు పక్కన లేకపోతే నాకేం బాగుండటం లేదు. రేపు నాతో రా" అన్నాడు.

"ఎవరితో చెబుతున్నారు? టైరుతోనా?"

ఆయన ఆవిడ వైపు తిరిగి, ఉన్నదున్నట్టు, మాట మింగకుండా మళ్లీ చెప్పాడు.

"వస్తా లెండి. నేనసలు బస్సు టిక్కెట్టే తీసుకోలేదు" అంది ఆవిడ.